మాండవ్యుడికి పడిన శిక్ష

మొన్న భారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ మళ్లీ చదివాను. దొంగలు సొత్తు తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. ముని మౌనవ్రతంలో ఉన్నాడు, భటులు అడిగినా నోరు విప్పలేదు. రాజు కొరత వేయించాడు, అంటే కొర్రుకి గుచ్చించాడు. తర్వాత తప్పు తెలుసుకుని బతిమాలుకున్నా ఏం లాభం, కొర్రు ఊడి రాలేదు. కోసేస్తే మొన ఒంట్లోనే ఉండిపోయింది. అణి అంటే ఆ మొన, అందుకే ఆయన అణిమాండవ్యుడు.

నాకెందుకీ శిక్ష అని యముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావుగా అన్నాడట! ముని ఊరుకోలేదు. ఇంత చిన్న తప్పుకి అంత శిక్షా అని, శూద్ర స్త్రీ కడుపున పుట్టమని ఆ యమధర్మరాజునే శపించాడు. అలా పుట్టిన యముడే విదురుడు. పైగా ఆ ముని 14 ఏళ్ల లోపు పిల్లలు చేసింది పాపం కాదని హద్దు కూడా పెట్టాడు. (శూద్ర స్త్రీ కడుపున పుట్టడమే శాపమనడం మాత్రం నాకు మింగుడుపడదు.)

ఇది మా స్కూలు గ్రూపులో పెట్టాను. అప్పటికే అక్కడ గోడకుర్చీ, బెత్తం దెబ్బల ముచ్చట్లు నడుస్తున్నాయి. "ఆ దెబ్బల వల్లే కదరా బాగుపడ్డాం" అన్నాడొకడు. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం అని రాస్తే, "అందుకే ఇప్పటి పిల్లలకి భయం లేదు" అని ఇంకొకడు. దెబ్బలకి భయపడి ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాడు ఎలా బాగుపడ్డాడో చెప్పండని అడిగాను. నవ్వే బొమ్మలు పెట్టారు, జవాబు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు.