స్టుపిడ్ మోడ్ = ఎస్

రాత్రి పదకొండున్నర. పొద్దున నాన్న అన్న మాట పంటికింద రాయిలా ఇంకా తగులుతూనే ఉంది.

మూడు రోజులు కుస్తీ పట్టి, ఫోన్ లైను మీద నెట్‌కి కలిపే లాప్‌టాప్ మోడెంను, విండోస్‌కి బదులు నేను వాడే లినక్స్‌లో పనిచేయించాను కదా, చూపిద్దామని పిలిస్తే కళ్ళద్దాలు పైకి తోసుకుని ఓ నిమిషం చూశారు. "విండోస్‌లో మొన్నే వచ్చింది కదరా ఇది" అని పేపర్ పట్టుకుని వెళ్ళిపోయారు. కొండను తవ్వి ఎలుకను పట్టాడు అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ ఈ శ్రావణానికీ రాలేదు. ఉన్నదల్లా ఫోన్ లైనే. లాప్‌టాప్‌లోదేమో పేరుకే మోడెం. లైను పట్టుకునే చిన్న ముక్క తప్ప లోపల ఏమీ లేదు, లెక్కలన్నీ డ్రైవర్ అనే ప్రోగ్రాం చెబితే ప్రాసెసర్ చేసిపెట్టాలి. ఆ డ్రైవర్‌ని మోడెం చేసినవాళ్ళు విండోస్‌కి మాత్రమే రాసి చేతులు దులుపుకున్నారు. విన్‌మోడెం అనే వెక్కిరింపు పేరు ఊరికే రాలేదు.

లినక్స్‌కి డ్రైవర్ లేదా అంటే, ఉంది. నెట్‌లో ఉంది. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. అందుకని బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి పెన్‌డ్రైవ్ వేసుకుని మూడుసార్లు, అందులో రెండుసార్లు వానలో. మొదటిసారి డ్రైవర్ సోర్సు, అంటే ప్రోగ్రాం రాతప్రతి, తెచ్చాను. దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చబోతే, అదే కంపైల్ చేయబోతే, కెర్నల్ హెడర్లు, అంటే లినక్స్ గుండెకాయకి సంబంధించిన ఫైళ్ళు, కావాలంది. రెండోసారి వెళ్ళి తెచ్చినవి 2.6.20-16వి. నా లినక్స్ రకం ఉబుంటు 7.04, అందులో ఉన్న కెర్నల్ 2.6.20-15. ఆ ఒక్క అంకె తేడాకి అరగంట క్యూ, పది రూపాయలు. బయల్దేరేముందు యునేమ్ అనే కమాండ్ కొట్టి కెర్నల్ నంబరు చూసుకోవాలన్న బుద్ధి లేకపోయింది. మూడోసారి తెలిసిందేమిటంటే నా మోడెం సౌండ్ చిప్‌కి తగిలించి ఉందట, దానికి కంపైల్ అక్కర్లేదట, ఎస్‌ఎల్‌మోడెం అనే రెడీమేడ్ ప్యాకేజీ, డెబ్ ఫైలు, వేసుకుంటే చాలట! ఇది మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే?

అక్కడితో అయిందా. నంబరు కొట్టి నెట్‌కి కలిపే డబ్ల్యూవీడయల్ ప్రోగ్రాం నడిపితే 'నో డయల్‌టోన్'. పక్కనే రిసీవర్ ఎత్తితే నా చెవికి శుభ్రంగా వినిపిస్తోంది టోను. మోడెం ఎదురుచూసే టోను వేరు, మన ఎక్స్ఛేంజ్ ఇచ్చేది వేరు. మోడెంకి ఇచ్చే ఆజ్ఞల్లో ఏటీఎక్స్3 అని ఒక ముక్క కలిపితే టోను సంగతి పట్టించుకోకుండా నంబరు కొట్టేస్తుంది.

మామయ్య వాళ్ళ మోడెంకి ఈ గొడవేదీ ఉండేది కాదు. 1999లో, బెజవాడలో. తెల్లటి పెట్టె, ఇటుకంత. ముందువైపు ఎర్ర దీపాల వరస. ఓహెచ్ వెలిగితే లైను ఎత్తినట్టు, సీడీ వెలిగితే అవతల దొరికినట్టు. అత్తయ్య దానికి క్రోషా గుడ్డ అల్లి కప్పేది, అది వేడెక్కుతుందని మామయ్య తీసేసేవాడు, పొద్దున్నే ఆవిడ మళ్ళీ కప్పేది. మేం పిల్లలం చాప మీద కూర్చుని దీపాలు చూసేవాళ్ళం, కంప్యూటర్ తెర వైపు ఎవరం చూసేవాళ్ళం కాదు. వంటింట్లో రెండో ఫోను ఎత్తి "ఏమండీ, ఇది కీచుమంటోంది" అని అత్తయ్య అరిచేసరికి సీడీ దీపం ఆరిపోయేది, మామయ్య తల పట్టుకునేవాడు. లెక్కలన్నీ ఆ పెట్టే చేసుకునేది కాబట్టి లినక్స్‌కి తగిలించినా డ్రైవర్ అడిగేది కాదు. ఇల్లు మారేటప్పుడు పాత సామానులవాడికి కిలోల లెక్కన ఇచ్చేశారు. క్రోషా గుడ్డ మాత్రం ఇప్పటికీ మిక్సీ మీద ఉంది.

ఏం చెబుతున్నాను? ఆఁ, తప్పు లినక్స్‌ది కాదు, మోడెం చేసినవాళ్ళది అని నాన్నకి చెప్పడానికి పాయింట్లు రాసుకుందామని కూర్చున్నాను.

పొద్దున ఏడింటికి సెకనుకి 45333 బిట్లు అని కనెక్ట్ అయింది. అయ్యాక అవతలివాళ్ళు లాగిన్ అడుగుతారేమోనని డబ్ల్యూవీడయల్ ఎదురుచూస్తూ కూర్చుంది. వాళ్ళు అడగరు. అలా ఎదురుచూడకుండా పని మొదలుపెట్టు అని చెప్పడానికి సెట్టింగుల ఫైల్లో ఒక లైను ఉంది, దాని పేరు 'స్టుపిడ్ మోడ్'. నిజంగా అదే పేరు. ఎస్ అని పెట్టాను, మెయిల్ తెరుచుకుంది. ఆఫీసువి రెండు, పదిమందికి పంపమన్న దేవుడి మెయిల్ ఒకటి. ఆనందమంతా ఓ నిమిషం. తర్వాత తొమ్మిదిన్నర దాకా ఏవేవో ప్యాకేజీలు దింపుకుంటూ కూర్చున్నాను, సెకనుకి నాలుగైదు కేబీలు చొప్పున.

మధ్యాహ్నం అక్క నా సెల్‌కి చేసింది. "ఏంట్రా, పొద్దున్నుంచీ ఎంగేజ్?"

ఆదివారం ఏడున్నరకి డల్లాస్ నుంచి అక్క ఫోను వస్తుందని నాన్న ఆరున్నరకే స్నానం చేసి కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నేను పిలిచినప్పుడూ ఆ కుర్చీలోంచే లేచి వచ్చారు. ఫోన్ వైరు దేనికి పెట్టానో చూశారు. లైను వదలరా అని ఒక్క ముక్క అనలేదు, విండోస్ మాట ఎత్తారు. పాయింట్లు ఇంకెందుకు?

అయినా అడగొచ్చుగా. అడిగితే పీకేసేవాణ్ణే.

ఈ టపా ప్రస్తుతానికి ఫైల్లోనే ఉంది. లైను ఖాళీయే గానీ ఫోన్ సాకెట్ నాన్న మంచం తల వైపు, స్టూలు వెనక. పొద్దున ఆయన పాలకి వెళ్ళినప్పుడు పెడతాను.