పుట్టుమచ్చ పక్కన బ్లేడు

నా ముఖం మీద గడ్డం పెరిగే చోట మూడు పుట్టుమచ్చలు ఉన్నాయి. దవడ అంచున ఉన్నది చర్మంతో సమానంగా ఉంటుంది కనుక దానితో ఏ ఇబ్బందీ లేదు. పై పెదవికి కాస్త పైన ఉన్నదీ, మెడ మీద గొంతుముడి పక్కన ఉన్నదీ మాత్రం ఉబ్బెత్తుగా ఉండడం వలన, రెండంచుల బ్లేడు బిగించే పాతకాలపు సేఫ్టీ రేజర్‌కు మారినప్పుడు నేను అన్నింటికన్నా ముందు తేల్చుకోవలసి వచ్చిన విషయం ఆ రెండింటి దగ్గర చేయి ఎలా నడపాలన్నదే.

కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంటు పొందిన నాటి నుంచి ఈ రేజర్ మూలసూత్రం పెద్దగా మారలేదు. పలుచని బ్లేడును రెండు పలకల మధ్య బిగిస్తే, వాదర కొద్దిగా మాత్రమే బయటికి వస్తుంది. దాని ముందుండే పట్టీ చర్మాన్ని నొక్కి చదును చేస్తూ పోతుంది కనుక వెంట్రుక తెగుతుంది, చర్మం తెగదు. అయితే ఈ రక్షణ అంతా చర్మం చదునుగా ఉన్నంతసేపే. ఉబ్బెత్తు మచ్చ ఎదురైనప్పుడు పట్టీ దాని మీదుగా ఎక్కి దిగుతుంది, ఆ దిగే క్షణంలో మచ్చ పైభాగం పట్టీకీ వాదరకూ మధ్య ఉన్న సందులోకి వస్తుంది. వాదర పొడవు నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంత వెడల్పున గీస్తున్నప్పుడు ఒక మూలన ఉన్న చిన్న మచ్చ చేతికి తెలియదు. మంగలివారు వాడే మడత కత్తి సంగతి వేరు. దానికి పట్టీ లేదు, కానీ వాదర ఎక్కడ ఆనుతోందో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. మొన గుండ్రంగా ఉన్న కత్తి అయితే, చేయి తిరిగినవారు మచ్చ అంచు దాకా నిశ్చింతగా వెళ్లగలరు. నా మట్టుకు నేను వాదర తక్కువగా బయటికి కనిపించే మెత్తని సేఫ్టీ రేజర్‌నే ఎంచుకున్నాను.

చిక్కు నిజానికి బ్లేడు కన్నా ముందు నురుగుతోనే మొదలవుతుంది. బ్రష్‌తో గిలకొట్టిన దట్టమైన నురుగు చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, అది మచ్చను పూర్తిగా కప్పేస్తుంది. కాబట్టి ముఖం తడపక ముందే వేళ్లతో దవడ కింద, మెడ మీద తడిమి చూసుకోవడం, నురుగు పట్టించాక మచ్చ ఉన్న చోట వేలితో తుడిచి పలుచని పొర మాత్రమే మిగల్చడం అవసరం. పారదర్శకంగా ఉండే షేవింగ్ నూనెనో జెల్‌నో ఆ మేరకు వాడుకున్నా సరిపోతుంది. కళ్లజోడు తీసి అద్దం ముందు నిలబడేవారికి, పెద్దదిగా చూపే అద్దం ఒకటి దగ్గర పెట్టుకోవడం విలాసం కాదు.

ఇక గీత విషయం. నేను పాటించే నియమం ఒకటే: బ్లేడు మచ్చ వైపు రాకూడదు, మచ్చ నుంచి బయటికి వెళ్లాలి. రేజర్ తల మూలను మచ్చ అంచుకు పక్కగా ఆనించి, చర్మానికి ముప్పై డిగ్రీల కోణంలో పట్టుకొని, రేజర్ బరువే తప్ప చేతి బరువు పడకుండా, అర సెంటీమీటరు మించని చిన్న గీతతో అవతలికి తీయాలి. మచ్చకు పైన ఉన్న వెంట్రుకలను పైకి, కింద ఉన్నవాటిని కిందికి, పక్కలవాటిని పక్కలకు అన్నమాట. ఇలా చేస్తే ఏదో ఒక వైపు వెంట్రుకల వాలుకు ఎదురుగా గీయవలసి వస్తుంది. చర్మం సున్నితమైనవారు ఆ వైపు వదిలేయడమే మేలు. మచ్చ నీడలో మిగిలిన నాలుగు వెంట్రుకలు ఎదుటివారికి కనిపించవు, మనకే కనిపిస్తాయి.

రెండో చేతికి కూడా పని ఉంది. వేళ్లు పొడిగా ఉంచుకొని, మచ్చకు కాస్త దూరంలో చర్మాన్ని పక్కకు లాగి పట్టుకుంటే చుట్టూ ఉన్న చర్మం చదునవుతుంది. మెడ మీదైతే తల పక్కకు తిప్పినా చాలు. మచ్చ మీద వేలు ఆనించి, వేలి దాకా గీసే పద్ధతి సేఫ్టీ రేజర్‌తో బాగానే పనిచేస్తుంది కానీ, మడత కత్తితో చేస్తే మచ్చకు బదులు వేలు తెగుతుంది. మొద్దుబారిన బ్లేడుతో ఈ పని అసలు చేయకూడదు, ఎందుకంటే అది తెగక లాగుతుంది, లాగినప్పుడు మనం తెలియకుండానే నొక్కుతాం.

మచ్చలోంచే మొలిచే వెంట్రుకల జోలికి బ్లేడు వెళ్లనవసరం లేదు. గుండ్రని మొన ఉన్న చిన్న కత్తెరతో మొదలు దగ్గర కత్తిరిస్తే సరి. పీకితే కొందరికి కుదురు వాచి చీము పడుతుంది.

మచ్చ అనుకున్నది మచ్చ కాకపోవచ్చునన్నది ఇక్కడే చెప్పాలి. గడ్డం ప్రాంతంలో వచ్చే చదునైన చిన్న పులిపిరులు వైరస్ వలన వచ్చేవి; వాటి మీదుగా బ్లేడు నడిపితే ఆ వైరస్ గీత వెంబడి చుట్టూ అంటుకొని కొత్తవి మొలుస్తాయి. ఈమధ్యనే పుట్టి, ఒకటికి నాలుగైన వాటిని చర్మవైద్యునికి చూపించేదాకా ఆ భాగంలో గడ్డం గీయకుండా ట్రిమ్మర్‌తో కురచగా ఉంచుకోవడం ఉత్తమం.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి మచ్చ తెగుతుంది, తెగితే మామూలు గాటు కన్నా ఎక్కువసేపు రక్తం కారుతుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు కదపకుండా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మధ్యమధ్య తీసి చూస్తే గడ్డకట్టింది కాస్తా ఊడిపోతుంది. చిన్న గాటుకు తడిపిన పటిక పనిచేస్తుంది, అది అక్కడి ప్రోటీన్లను గడ్డకట్టించి సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి మరింత సమయం పడుతుంది. చెక్కు కట్టి, దానంతట అది రాలిపోయేదాకా ఆ చోట బ్లేడు పెట్టకూడదు.

మచ్చ తెగితే క్యాన్సర్‌గా మారుతుందన్న భయం చాలామందిలో ఉంది. గాటు వలన మామూలు మచ్చ క్యాన్సర్ అవుతుందనడానికి ఆధారం లేదు. కానీ పైభాగం సగం కోసుకుపోయిన మచ్చ తిరిగి పెరిగేటప్పుడు రంగు, అంచులు అస్తవ్యస్తంగా మారి, మెలనోమా అనే ప్రాణాంతక చర్మ క్యాన్సర్‌ను పోలి కనిపించవచ్చు, సూక్ష్మదర్శిని కింద కూడా గందరగోళపెట్టవచ్చు. అందుకే వైద్యునికి చూపించేటప్పుడు ఆ మచ్చ ఒకప్పుడు తెగిందన్న సంగతి తప్పక చెప్పాలి. బ్లేడు తగలకుండానే రక్తం కారే మచ్చ, రెండు సగాలు ఒకేలా లేనిది, అంచులు చెదిరినది, ఒకటికి మించిన రంగులున్నది, ఆరు మిల్లీమీటర్లు దాటినది, అన్నింటికన్నా ముఖ్యంగా కొన్ని వారాలలోనో నెలలలోనో మారుతూ ఉన్నది, వైద్యుడు చూడవలసినవి.

ఏ ప్రమాదమూ లేకపోయినా రోజూ అడ్డుపడే మచ్చను తీయించుకోవచ్చు. చర్మవైద్యుడు మత్తుసూది వేసి, మచ్చను బ్లేడుతో చర్మం మట్టానికి కోసి, ఆ ముక్కను పరీక్షకు పంపిస్తాడు. దారం కట్టడం, సున్నం, ఆమ్లం రాయడం వంటి ఇంటి చిట్కాలలో పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు, మచ్చేమో మొదలంటా పోదు. నేను మెడ మీది దానిని తీయించుకోవాలనే అనుకుంటున్నాను; పెదవి పైది ఉండనిస్తాను.