రవీంద్ర భారతిలో తోటరాముడు

పాతాళ భైరవి సినిమా మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. అమ్మకి పాటలు, నాన్నకి ఎస్వీ రంగారావు డైలాగులు, నాకు రెండూ. మా పాపకి మాత్రం "సాహసం శాయరా డింభకా" ఒక్కటే వచ్చు, అదీ మీమ్స్‌లో చూసి. అలాంటిది సురభి నాటక సమాజం వాళ్ళు దాన్ని స్టేజి మీద ఆడుతున్నారని, రవీంద్ర భారతిలో షో ఉందని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టగానే ఇంకేం ఆలోచించలేదు, అమ్మనీ పాపనీ వెంటేసుకుని కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కేశా. లక్డీకాపూల్‌లో దిగితే అక్కణ్ణుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, రానన్నారు, ఫోన్లో చూసుకుంటాలే అన్నారు.

మనకి తెలిసిన లెక్క ఏంటంటే నాటకాలే సినిమాలయ్యాయి. తొలి టాకీలన్నీ దాదాపు అంతే కదా, స్టేజి మీద ఆడుతున్నదాన్ని కెమెరా ముందుకి తెచ్చి తీశారు. పాతాళ భైరవి అలా కాదు. కాశీ మజిలీ కథల నుంచి ఓ దారం పట్టుకుని పింగళి నాగేంద్రరావు గారు అల్లిన కథ, విజయా వాళ్ళకోసం కె.వి.రెడ్డి గారు 1951లో తీసిన సినిమా. అది సినిమాగా పుట్టి తర్వాత స్టేజి ఎక్కింది. అందుకే వెళ్ళేటప్పుడు నాకు లోపల ఒక అనుమానం ఉంది. ఆ సినిమాలో మాయలన్నీ మార్కస్ బార్‌ట్లే కెమెరావి. అక్కడ తప్పొస్తే ఇంకో టేకు తీసుకోవచ్చు, ఫిల్మ్ మీద ఫిల్మ్ వేసి మాయ చేయొచ్చు. ఇక్కడ మన ఎదురుగా, లైట్లు వేసి, ఒకే ఒక్క టేకులో ఆ గుహా ఆ మొసలీ ఆ మాయా మహలూ ఎలా చూపిస్తారు, చూపించినా సినిమా కళ్ళతో చూసేవాళ్ళకి ఆనుతుందా అని.

మొదటి పది నిమిషాల్లోనే ఆ అనుమానం పోయింది. పోగొట్టింది తెరలు. బొమ్మలేసిన గుడ్డ తెరలు, అంతే. ఉజ్జయిని వీధి ఉంది, రాకుమారి ఉద్యానవనం ఉంది, తోటరాముడి గుడిసె ఉంది, ఒకటి పైకి లేస్తుంటే దాని వెనకాల ఇంకోటి అప్పటికే సిద్ధంగా ఉంటుంది, మనం రెప్ప వేసి తీసేలోపు ఊరు పోయి అడవి వచ్చేస్తుంది. నేను రెండో తెర నుంచీ అంచులే చూస్తూ కూర్చున్నా. పైకి లేచే తెర కింద ఒక చెక్క బద్ద ఉంది, అది ఒక పక్క కొంచెం ముందుగా లేచింది, వెంటనే రెండో పక్క తాడు ఎవరో లాగి సరిచేశారు, సరిచేసిన మనిషి కనపళ్ళేదు, చెయ్యి మటుకు మోచేతి దాకా ఒక్క క్షణం కనపడింది. ఆ చేతికి రాక్షసుడి వేషం తాలూకు నల్లరంగు ఉంది. అంటే అప్పుడే స్టేజి మీద నుంచి లోపలికి వెళ్ళినతను వెళ్ళీ వెళ్ళగానే తాడు పట్టుకున్నాడన్నమాట. సురభిలో అంతే, వేషం వేసేవాళ్ళు వేరు, పని చేసేవాళ్ళు వేరు అని ఉండదు.

ఇక మాంత్రికుడు. అందరం భయపడేది ఈ వేషం గురించే, ఎందుకంటే నేపాళ మాంత్రికుడంటే ఎస్వీఆర్ తప్ప ఇంకో మొహం గుర్తుకు రాదు. ఈయన తెలివైన పని చేశాడు, ఎస్వీఆర్‌ని అనుకరించలేదు. సినిమాలో ఆ కళ్ళు క్లోజప్‌లో చూపిస్తారు, ఒక్క కనుబొమ్మ ఎత్తితే చాలు. ఇక్కడ వెనక వరసలో కూర్చున్నవాడికి కనుబొమ్మ ఎలా కనపడుతుంది? అందుకని ఈయన మొత్తం గొంతులోనూ చేతివేళ్ళలోనూ పెట్టాడు. మాట మాటకీ ముందు కర్ర నేలకి ఒకసారి తాటించేవాడు, తబలా ఆయన దాన్ని పట్టుకుని సరిగ్గా అదే దెబ్బ తిరిగి వేసేవాడు, అలా వాళ్ళిద్దరూ నాటకమంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. "సాహసం శాయరా డింభకా" దగ్గరికొచ్చేసరికి ఆయన మొదటి మాట అని ఆగాడు, మిగతాది హాలంతా అందుకుంది. మా పాప సీట్లోంచి లేచి నిలబడి మరీ అరిచింది, దాని పక్కన ఎనభై ఏళ్ళు పైబడ్డ ఒక పెద్దాయన కూడా అదే గొంతుతో అరిచాడు.

అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, సినిమాతో మనం మాట్లాడలేం. ఎన్నిసార్లు చూసినా అది దాని దారిన పోతుంది, మనం డైలాగు ముందే చెప్పేసినా దానికి వినపడదు. వీళ్ళకి వినపడుతుంది. అమ్మవారు ప్రత్యక్షమై "నరుడా, ఏమి నీ కోరిక" అన్నప్పుడు ముందు వరసలోంచి ఒక చిన్న పిల్లాడు "ఐస్‌క్రీం" అన్నాడు. అమ్మవారి వేషం వేసిన ఆవిడ నవ్వలేదు, అలాగే గంభీరంగా ఆ పిల్లాడి వైపు చెయ్యెత్తి దీవించి, మళ్ళీ తోటరాముడి వైపు తిరిగింది. చప్పట్లు ఆగితే ఒట్టు.

పాటల సంగతి అమ్మే చెప్పాలి గానీ నాకు తోచింది రాస్తా. ఘంటసాల గారి సంగీతంలో "కలవరమాయే మదిలో" ఎన్ని వేలసార్లు విన్నామో, ఆ మెత్తదనం చెవుల్లో అలా ఉండిపోయింది. ఇక్కడ నటులే పాడాలి, ప్లేబ్యాక్ లేదు, నడుస్తూ కూర్చుంటూ పాడాలి, పైగా స్టేజి ముందు కూర్చున్న హార్మోనియం ఆయన పక్కన ఒక్క కీబోర్డు, తబలా, అంతే. రాకుమారి వేషం వేసిన అమ్మాయి, సినిమాలో ఈ పాట పాడిన పి.లీల గారిలా పాడాలని చూడలేదు. ఒకచోట సినిమాలో గబుక్కున జారిపోయే స్వరాల మలుపుని పట్టుకుని నాటకం పద్ధతిలో సాగదీసింది, ఎంతసేపంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. వెనకనుంచి "వన్స్ మోర్" అని కేక, మళ్ళీ పాడింది, రెండోసారి ఇంకా బాగా పాడింది. పద్యనాటకాలు చూసిన అమ్మకి ఈ వన్స్ మోర్లు అలవాటే, పాపకి మాత్రం ఇది పెద్ద వింత, అడిగితే మళ్ళీ పాడతారా అని.

ఆ సమయంలో కూడా ముందు నాలుగు వరసలు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నాయి, కొందరైతే ఫ్లాష్‌లైటు వేసి మరీ తీస్తున్నారు. దయచేసి అలా చేయకండి. చీకటి మీద ఆధారపడి చేసే మాయలవి, గాల్లోకి ఎగిరే సీనులో మీ లైటు పడితే వాళ్ళు అంత కష్టపడి దాచిన తీగ మెరుస్తుంది.

ఇంటర్వెల్‌లో టీ తాగుతుంటే అమ్మ ఒక మాట చెప్పింది, నాకు తెలీదు. సినిమాలో తోటరాముడి తల్లిగా వేసింది సురభి కమలాబాయి గారే. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి ఆవిడే, సురభి ఇంటి మనిషి, స్టేజి మీద నాటకం నడుస్తుండగానే పుట్టిందని కూడా చెప్తారు. అంటే ఈ సినిమాలో సురభి ముందే ఉంది. తర్వాత గుడిసె సీనులో కొడుకు కోసం ఎదురుచూసే తల్లిగా ఒకావిడ దీపం పట్టుకుని వచ్చేసరికి నాకు కళ్ళు చెమర్చాయి, ఆ వేషం తిరిగి తిరిగి పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది.

సురభి వాళ్ళ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పూర్వం తోలుబొమ్మలాడించిన కుటుంబాలు వాళ్ళవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ నాటకంతో మొదలుపెట్టారు, వనారస గోవిందరావు గారు కంపెనీ పెట్టారు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఇంటి ఆడవాళ్ళని స్టేజి ఎక్కించారు. తర్వాత తరాల్లో ఎన్నో సమాజాలుగా విడిపోయారు, ఇప్పుడు చాలా కుటుంబాలు మన శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీలోనే ఉంటున్నాయి. వెంకటేశ్వర నాట్యమండలి నడిపిన సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన 2022లో పోయారు. మనం రోజూ ఐటీ బస్సుల్లో ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాం, పక్కనే నూట ముప్పై ఏళ్ళు దాటిన నాటకం బతికుందని ఎంతమందికి గుర్తుంటుంది?

షో అయ్యాక పాప పట్టుబడితే స్టేజి పక్కకి వెళ్ళాం. అక్కడ మహారాణి కిరీటం తీసేసి, మొహానికి రంగు అలాగే ఉండగా, ఉద్యానవనం తెరని ఇంకో ఆయనతో కలిసి చుడుతోంది. అందులో చెట్టు కొమ్మ మీద రంగు పెచ్చులూడిన చోట మళ్ళీ వేసిన కొత్త రంగు దగ్గర్నుంచి స్పష్టంగా తెలుస్తోంది, సీట్లోంచి చూస్తే అస్సలు తెలీలేదు. నేను బాగుందండీ అంటే ఆవిడ "పాపకి నచ్చిందా అమ్మా" అంది, నా అభిప్రాయం ఆవిడకి అంత ముఖ్యం కాదు. పాప సూటిగా అడిగేసింది, మాంత్రికుడు ఎగిరినప్పుడు తీగ కనపడింది ఆంటీ అని. ఆవిడ "కనపడినా ఎగిరాడా లేదా?" అంది. పాప కాసేపు ఆలోచించి "ఎగిరాడు" అని ఒప్పుకుంది.

వాళ్ళు మాయాబజార్ కూడా ఆడతారు. దాని కథ వేరు, శశిరేఖా పరిణయంగా అది 1957 సినిమాకి చాలా ముందునుంచే నాటకాల్లో ఉంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి వెళ్ళే సీను ఎలా చేస్తారో చూడాలని ఇప్పట్నుంచే గొడవ. పాప ఈసారి సైడు సీట్లు తీసుకోవాలంటోంది, తాళ్ళు లాగేవాళ్ళు కనిపిస్తారట. అమ్మ మాత్రం మధ్య సీట్లే కావాలంటోంది, లడ్డు ఎగరడం చూడాలి గానీ ఎగరేసేవాళ్ళని చూడ్డం ఎందుకే అని. ఇద్దరికీ ఇంకా తెగలేదు.