రెండు మల్టీమీటర్లు, ఒక 0.45 వోల్టు

మా కావలిలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు కిర్కాఫ్ నియమాల ప్రయోగం చేయించేటప్పుడు నేను ముందుగా అడిగేది ఒక్కటే: మీటరులో కనిపించిన అంకెనే రికార్డులో రాయండి, లెక్క కట్టి వచ్చిన అంకెను రాయకండి. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు పోతాయన్న భయంతో పిల్లలు రీడింగులను "సరిచేసి" రాయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఈ ప్రయోగంలో నేర్చుకోవలసిన భౌతికశాస్త్రం చాలావరకు ఆ సరిపోని అంకెలోనే ఉంటుంది.

గుస్తావ్ కిర్కాఫ్ 1845లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ఈ రెండు నియమాలను చెప్పారు. సంధి, అంటే తీగలు కలిసే చోటు, వద్దకు వచ్చే విద్యుత్ ప్రవాహాల మొత్తం అక్కడి నుంచి వెళ్ళే ప్రవాహాల మొత్తానికి సమానం, ఎందుకంటే విద్యుదావేశం అక్కడ పోగుపడదు. మూసిన వలయాన్ని ఒక చుట్టు తిరిగి వస్తే పొటెన్షియల్ (వోల్టులలో కొలిచేది) మార్పుల మొత్తం సున్నా.

ఈ రెండో నియమం కోసం 1, 2.2, 3.3 కిలో ఓమ్‌ల నిరోధకాలను శ్రేణిలో కలిపి 9 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తాము. మీటరు తీగల కొనలైన ప్రోబులలో ఎర్రది ముందు, నల్లది వెనుక ఉంచి, ఆ క్రమం మార్చకుండా వలయమంతా నడిపించమంటాను. మొన్న కొత్త బ్యాటరీ వద్ద +9.31, నిరోధకాల వద్ద వరుసగా −1.43, −3.14, −4.73 వచ్చాయి. మొత్తం 0.01 వోల్టు. నిరోధకాల మీద బంగారు పట్టీ ఉంది కనుక వాటి విలువలు 5 శాతం వరకు అటూ ఇటూ ఉండవచ్చు, అయినా నియమానికి దానితో పనిలేదు. అసలు విలువలు ఏవైనా కూడిక కుదరాలి.

సంధి నియమం కూడా బాగానే కుదిరింది. కాకపోతే ప్రవాహం కొలవాలంటే తీగను విడదీసి మీటరును మధ్యలో పెట్టాలి. కరెంటు రేంజిలో ఉంచిన మీటరును ఒకరు నేరుగా బ్యాటరీకి తగిలించడంతో ఫ్యూజు పోయి, నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి మరొకటి తెప్పించవలసి వచ్చింది.

అసలు సంగతి తరువాత జరిగింది. అదే బ్యాటరీకి రెండు 1 మెగా ఓమ్ నిరోధకాలను శ్రేణిలో కలపమన్నాను. ఒక్కొక్క దాని వద్ద 4.65 రావలసిన చోట 4.43 మాత్రమే వచ్చింది. రెండూ కలిపితే 8.86, బ్యాటరీ మాత్రం 9.31 దగ్గరే ఉంది. "మేడమ్, దాదాపు అర వోల్టు కనపడటం లేదు" అని ఒక అమ్మాయి కంగారుగా అన్నది. ఆమె పక్కన కూర్చున్నవాడు అప్పటికే రెండు చోట్లా 4.65 అని పెన్సిలుతో రాసుకున్నాడు. "చెరిపెయ్ నాయనా, ముందు ఆ అర వోల్టు ఎక్కడికి పోయిందో చూద్దాం" అన్నాను.

మా మల్టీమీటరుకు వోల్టుల రేంజిలో 10 మెగా ఓమ్‌ల నిరోధం ఉంటుంది. దానిని 1 మెగా ఓమ్‌కు సమాంతరంగా తగిలించగానే ఆ భాగం 0.909 మెగా ఓమ్ అవుతుంది, దాని వాటా 4.43 వోల్టులకు తగ్గుతుంది, ఆ క్షణంలో రెండో నిరోధకం మీద 4.88 ఉంటుంది. ప్రోబులను రెండో దాని మీదికి మార్చగానే ఇప్పుడది తగ్గి మొదటిది పెరుగుతుంది. అంటే మనం కూడిన రెండు రీడింగులు ఒకే వలయానివి కావు. కిలో ఓమ్‌ల వలయంలో కూడా మీటరు ఇదే పని చేసింది, కానీ అక్కడ దాని ప్రభావం రెండో దశాంశ స్థానంలో కూడా తేలనంత చిన్నది.

మాటలతో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేక, పక్క బల్ల మీదున్న అదే రకం మల్టీమీటరును తెప్పించి, రెండు నిరోధకాల మీదా రెండు మీటర్లను ఒకేసారి పెట్టించాను. అబ్బాయి పెన్సిలుతో రాసిన అంకెను అప్పటికే చెరిపేశాడు. ఆ అమ్మాయి ఒక మీటరు చదివింది, 4.65, అతను రెండోది చదివాడు, 4.66.