టైర్లను భోగి మంటల్లో వేయకండి, వాటికి ఇంకా చాలా పనుంది

భోగి నాడు తెల్లవారుజామున తిరుపతిలో ఏ వీధిలోకి వెళ్లినా పిడకల వాసన కంటే ముందు టైరు వాసనే ముక్కుకు తగులుతుంది. వారం ముందు నుంచే పిల్లలు పంక్చర్ షాపుల చుట్టూ తిరిగి పాత బైకు టైర్లు పోగుచేస్తారు, పెద్దవాళ్లేమో మంట బాగా లేస్తుందిలే అని ఊరుకుంటారు. లేస్తుంది, నిజమే. టైరులో రబ్బరు, కార్బన్ బ్లాక్, నూనెలు, నైలాన్ ఉంటాయి కాబట్టి కిలోకి కిలో చూస్తే బొగ్గుకు తీసిపోని వేడి పుడుతుంది. కానీ వీధిలో పెట్టిన మంటలో అది పూర్తిగా కాలదు. ఆ నల్ల పొగలో మసి, బెంజీన్, సల్ఫర్ డయాక్సైడ్, క్యాన్సర్ తెచ్చే మరికొన్ని రసాయనాలు ఉంటాయి. చలికాలం పొద్దున్నే ఆ పొగ పైకి లేవదు, ఇళ్ల మధ్యనే తిరుగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు పండగ పూట ఆ శిక్ష ఎందుకు?

పొగ సంగతి అలా ఉంచండి, అసలు పనికొచ్చే వస్తువును కాల్చేస్తున్నాం అన్నదే నా బాధ. టైరు అరిగింది అంటే అరిగేది పైనున్న బటన్, అంటే రోడ్డుకు తగిలే గాళ్ల రబ్బరు, అది మాత్రమే. లోపలి ఒడలు, అంటే షాపులవాళ్లు కేసింగ్ అనేది, లోపలి తీగ, నైలాన్ పొరలు చాలావరకు గట్టిగానే ఉంటాయి. ఈ సంగతి లారీవాళ్లకు బాగా తెలుసు. చిత్తూరు నుంచి మామిడికాయలో, మదనపల్లె నుంచి టమోటాలో, కుప్పం వైపు నుంచి గ్రానైట్ రాళ్లో వేసుకుని తిరిగే లారీకి డీజిల్ తర్వాత పెద్ద ఖర్చుల్లో టైర్లు ఒకటి, అందుకే వాళ్లు అరిగిన టైరును పారేయకుండా రీబటన్‌కు, అంటే కొత్త బటన్ వేయించడానికి, ఇస్తారు.

రీబటన్ షాపులో మొదట చూసేది కేసింగే. టైరును తిప్పుతూ, లోపల లైటు వేసి, ఎక్కడ మేకు దిగింది, ఎక్కడ తీగ బయటపడింది, పక్కగోడ ఎక్కడైనా ఉబ్బిందా అని చేత్తో తడిమి చూస్తారు. "కేసింగ్ బాగుంటేనే చేస్తామన్నా, లేదంటే ఎంత డబ్బిచ్చినా చెయ్యం" అనే షాపును నమ్మొచ్చు. తర్వాత మిగిలిన పాత బటన్‌ను మెషీన్ మీద గీకేస్తారు, దెబ్బలున్న చోట గమ్ నింపుతారు, పల్చటి జిగురు రబ్బరు పొర వేసి దాని మీద ముందే డిజైన్ పడిన కొత్త బటన్ పట్టీని చుడతారు. ఆ టైర్లను పెద్ద ఛాంబర్‌లో పెట్టి, ఒత్తిడి పెంచి, సుమారు వంద డిగ్రీల పైన కొన్ని గంటలు ఉంచుతారు. దీన్నే కోల్డ్ ప్రాసెస్ అంటారు. అచ్చులో పెట్టి 150 డిగ్రీల దగ్గర ఉడికించే హాట్ ప్రాసెస్ ఇంకొకటి. కేసింగ్‌ను కాపాడుకుంటే ఒకే లారీ టైరుకు రెండు మూడు సార్లు కూడా రీబటన్ చేయించవచ్చు, కొత్త టైరుకు పట్టే రబ్బరులో చిన్న భాగంతోనే పని అయిపోతుంది. రీబటన్ టైరంటే భయపడేవాళ్లకు ఒక మాట, మన ఆర్టీసీకి సొంతంగా రీట్రెడింగ్, అంటే ఈ రీబటన్ చేసే షాపులున్నాయి. ముందు చక్రాలకు కొత్తవి, వెనక చక్రాలకు రీబటన్ చేసినవి వేయడం బస్సుల్లో మామూలే. రోడ్డు మీద కనిపించే రబ్బరు ముక్కలకు చాలాసార్లు కారణం గాలి తక్కువగా ఉండటం, ఓవర్‌లోడు. కొత్త టైర్లు కూడా అలా చీలిపోతాయి.

కేసింగ్ కూడా పోయిన టైరును మన పల్లెల్లో ఎప్పటినుంచో వాడుకుంటున్నారు. పశువుల కుడితి తొట్లు, మేస్త్రీల సిమెంటు తట్టలు, టైరు చెప్పులు, మంచానికి అల్లే పట్టీలు, ఇవన్నీ టైరును కోసి చేసినవే. ఈ పని చేసేవాళ్ల చేతుల్లో ఎంత నైపుణ్యం ఉందో ఎవరూ చెప్పుకోరు.

భోగి మంటల్లో పడేవి ఎక్కువగా బైకు టైర్లే. వాటికి రీబటన్ దాదాపు ఉండదు. మరి వాటినేం చేయాలి? రబ్బరును కరిగించి కొత్త టైరు పోసేయవచ్చుగా అనిపిస్తుంది కానీ కుదరదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు, టైరుకు బలం అక్కడినుంచే వచ్చింది, చిక్కూ అక్కడే వచ్చింది. పోసిన దోసెను మళ్లీ పిండి చేయలేం కదా, ఇదీ అంతే. అందుకే టైరును ముక్కలు చేసి, అయస్కాంతంతో తీగను లాగేసి, మిగిలినదాన్ని పొడి కొడతారు. ఈ పొడి తారులో కలిపితే రోడ్డు ఎండకు తొందరగా మెత్తబడదు, పగుళ్లూ తగ్గుతాయి. దీనికి రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. మే నెలలో 42 డిగ్రీలు దాటే మన రోడ్లకు ఇంతకంటే ఏం కావాలి? పొడిని వేడితో, రసాయనాలతో మెత్తబరిచి రీక్లెయిమ్ రబ్బరుగా మార్చి మ్యాట్లకూ, మళ్లీ కొంతమేరకు టైర్లకూ వాడతారు.

పైరాలిసిస్ అని ఇంకో దారి ఉంది. గాలి తగలకుండా 400, 500 డిగ్రీల వేడిలో ఉంచితే టైరు నుంచి నూనె, గ్యాస్, నల్ల బొగ్గుపొడి, తీగ విడిపోతాయి. సరైన యంత్రాలుంటే మంచిదే, కానీ చేత్తో టైర్లు కుక్కి చేత్తో బొగ్గుపొడి తోడే చిన్న ప్లాంట్ల చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పడే అవస్థ భోగి పొగ కంటే తక్కువేం కాదు. నా లెక్కలో ఇది అన్నిటికంటే చివర్లో రావాలి. 2022 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఇలా నూనె తీయడానికి విదేశాల నుంచి పాత టైర్లు తెప్పించడాన్ని నిషేధించారు. టైర్లు తయారుచేసే కంపెనీల మీదా బాధ్యత పెట్టారు. 2022-23లో ఎంత తయారుచేశారో అంత బరువుకు 2024-25లో రీసైక్లింగ్ సర్టిఫికెట్లు చూపించాలన్నారు. వరదయ్యపాళెం మండలంలో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఈ రూల్ మన జిల్లాకు దూరపు విషయం కాదు. కానీ పంక్చర్ షాపు వెనక పడున్న టైరు రీసైక్లింగ్ దాకా వెళ్లాలంటే మధ్యలో పాత సామాన్ల వ్యాపారి ఉండాలి, ఆయనకు గిట్టుబాటు కావాలి. కార్పొరేషన్ పండక్కి పది రోజుల ముందే వార్డుల్లో పాత టైర్లు సేకరించి అలాంటివాళ్లకు అప్పగిస్తే మంటల్లో పడేవి సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం.

ఈలోగా ఇంట్లో, మేడ మీద టైరు ఉంటే నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమ ఆ నీళ్ల అంచున గుడ్లు పెడుతుంది, నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మొక్కలకు వాడినా, పిల్లలకు ఉయ్యాలగా కట్టినా అడుగున నాలుగైదు పెద్ద రంధ్రాలు వేయండి, ఏ పంక్చర్ షాపులోనైనా వేసిస్తారు.