వయసు ఖాతాలో పడ్డ జబ్బు

రిటైరయ్యాక వడ్రంగం నేర్చుకోవాలని సర్వీసులో ఉండగానే అనుకున్నాను. రంపాలు, ఉలులు, చిత్రిక, పని చేసుకోవడానికి గట్టి బల్ల, అన్నీ అమర్చుకున్నాను. మొదట్లో బాగానే సాగింది. తర్వాత తర్వాత చెక్కకి చిత్రిక పడుతుంటే నాలుగుసార్లు తోసేసరికి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. "అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా కుర్రాడివనుకున్నావా?" అనేవాళ్లు స్నేహితులు. మెట్ల మధ్యలో నిలబడిపోతే వయసు. మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు పడితే వయసు. నడకలో మా ఆవిడ నన్ను దాటిపోతే అదీ వయసే. ఈ వయసు ఖాతా ఎంత సుఖమైనదంటే, అందులో ఎంత రాసినా లెక్క అడిగేవాడుండడు.

అడిగింది ఒక చిన్న డాక్టరమ్మ. కంట్లో శుక్లాలు తీయించుకునే ముందు మామూలు పరీక్షలకని వెళ్తే, స్టెతస్కోపు గుండెమీద పెట్టి చాలాసేపు వింది. మెడమీద కూడా పెట్టి వింది. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందాండీ? ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డారా?" అని అడిగి ఎకో, అంటే గుండె స్కానింగ్, రాసిచ్చింది. కంటి ఆపరేషన్ అక్కడితో వాయిదా.

జబ్బు పేరు అయోర్టిక్ స్టెనోసిస్. గుండె కింది ఎడమ గది (జఠరిక) నుంచి ఒంటికంతా రక్తం పంచే పెద్ద ధమనిలోకి (బృహద్ధమని) రక్తం వెళ్లే దారిలో మూడు రేకుల కవాటం ఉంటుంది. ఏళ్ల తరబడి కాల్షియం పేరుకుని ఆ రేకులు బిరుసెక్కుతాయి, పూర్తిగా తెరుచుకోవు. మామూలుగా ఆ ద్వారం 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లుంటుంది. 1 కంటే తగ్గితే తీవ్రం అంటారు. నాది 0.7. రేకుల్ని మెత్తబరిచే మందు లేదు, కవాటం మార్చడమొక్కటే దారి. ఆయాసం మొదలయ్యాక మార్చకుండా వదిలేస్తే చాలామంది రెండు మూడేళ్లకి మించి బతకరని సర్జన్ ఏమీ దాచకుండా చెప్పాడు. నాకాయన అందుకే నచ్చాడు.

తొడ దగ్గరి రక్తనాళంలోంచి గొట్టం పంపి కవాటం అమర్చే పద్ధతి 2002 నుంచీ ఉంది. ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే అనే డాక్టర్ మొదలుపెట్టాడు. కానీ నాకు గుండె రక్తనాళంలో కూడా అడ్డు ఉండటంతో బైపాస్, కవాటం రెండూ ఒకేసారి, ఎదురొమ్ము ఎముక కోసే చేశారు. లోహపు కవాటమైతే ఎక్కువ కాలం వస్తుంది, కానీ జీవితాంతం రక్తం పలచబరిచే మందు వేసుకోవాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. జంతు కణజాలంతో చేసిందైతే ఆ బాధ లేదు, పది పదిహేనేళ్లకి అరిగిపోవచ్చు. రోజూ పదునైన ఉలితో పనిచేసేవాణ్ని, తెగితే రక్తం ఆగని మందు నాకెందుకు? రెండోదే ఎంచుకున్నాను.

ఆపరేషన్ సంగతి నాకేం తెలీదు, నిద్రపోతున్నాను. ఆ తర్వాతిదే అసలు కథ. దగ్గు వస్తుందంటే భయం. గుండెకి దిండు హత్తుకుని దగ్గమన్నారు. చిన్నపిల్లాడు బొమ్మని పట్టుకున్నట్టు ఆ దిండు లేకుండా గది దాటేవాణ్ని కాదు. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరంలోంచి గాలి పీల్చి బంతుల్ని పైకి లేపాలి. మొదట్లో ఒక్క బంతి కదిలి ఊరుకునేది, నర్సమ్మాయి వెళ్లాక దాన్ని తిట్టేవాణ్ని. మధ్యలో గుండె లయ తప్పి కంగారుపెట్టింది. ఈ ఆపరేషన్ల తర్వాత అది మామూలేనట, మందులతో సర్దుకుంది. ఎవరూ ముందుగా చెప్పనిది ఏడుపు. ఇంటికొచ్చాక ఏ కారణం లేకుండా కళ్లలో నీళ్లు వచ్చేవి. గుండె ఆపరేషనైన చాలామందికి కొన్నాళ్లు దిగులు పట్టుకుంటుందని చెకప్‌లో అడిగితేగానీ చెప్పలేదు.

ఎముక అతుక్కునేదాకా, అంటే దాదాపు మూడు నెలలు, బరువులెత్తకూడదు, గట్టిగా తోయకూడదు, లాగకూడదు. చిత్రిక పట్టడమంటే తోయడం, రంపమంటే లాగడం. నడవడం మాత్రం రోజూ కొంచెం కొంచెం పెంచమన్నారు. చూడ్డానికొచ్చిన చుట్టాలేమో "కదలకు, పడుకో" అని ఒకటే పోరు. ఈ వయసులో మంచానికి అతుక్కుంటే కాళ్లలో కండ ఎంత తొందరగా కరిగిపోతుందో వాళ్లకేం తెలుసు! కూర్చున్నచోటు నుంచి చేతుల ఊతం లేకుండా లేవడం నాకు కొత్తగా నేర్చుకున్న విద్య అయింది.

తేరుకున్నాక పాత ఖాతా తిరగేశాను. ఆయాసం పోయింది, మధ్యాహ్నపు మగత పోయింది. అవి కవాటానివి. మోకాలి నొప్పి అలాగే ఉంది, ఎడమ చెవి వినపడదు, పిడికిలి పట్టు మునుపటిలా లేదు. అవి నిజంగానే వయసువి. వాటితో పేచీ లేదు. పట్టు తగ్గింది గనక పెద్ద బీరువా చేయాలన్న ఆలోచన మానుకుని ఆ మందపాటి పలకల్ని తెలిసిన కుర్రాడికి ఇచ్చేశాను. పొద్దున్న ఒళ్లు తేలిగ్గా ఉన్న రెండు మూడు గంటలూ చెక్కకే. బ్యాంకు పనులు, ఫోన్లు, పరామర్శలు అన్నీ మధ్యాహ్నానికి నెట్టాను. మా ఆవిడకిది నచ్చలేదు. ఇంటిపనికి మధ్యాహ్నపు నేనే మిగులుతున్నానట. నిజమే.

శుక్లాలు కూడా తీయించుకున్నాను. ఇప్పుడు పళ్ల డాక్టర్ దగ్గర చిగుళ్లు కదిలించే పనేదైనా ఉంటే ముందుగా యాంటీబయోటిక్ వేసుకోవాలి. లేకపోతే నోట్లోంచి రక్తంలోకి చేరిన సూక్ష్మజీవులు కొత్త కవాటాన్ని పట్టుకోవచ్చు. ఏటా ఒకసారి ఎకో. ప్రస్తుతం మనవరాలికి చిన్న కుర్చీ చేస్తున్నాను. వెనక కాళ్ల అతుకు ఇంకా సరిగ్గా కూర్చోవడం లేదు.