క్లౌడ్ పని బేస్‌మెంట్‌లోనే

లండన్‌లో క్లౌడ్ టెలిఫోనీ, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్ల ఇంజినీర్‌నని చెబితే, ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగమనుకుంటారు మనవాళ్లు. నేనేమో పాత భవనాల బేస్‌మెంట్లలో టార్చ్ పట్టుకుని ఏ తీగ ఎక్కడికి పోతోందో వెతుకుతుంటాను.

బ్రిటన్‌లో రాగి తీగల మీద నడిచే పాత ల్యాండ్‌లైన్ వ్యవస్థను పూర్తిగా ఎత్తేస్తున్నారు. మొదట 2025 డిసెంబరు అన్నారు, తర్వాత గడువును 2027 జనవరి 31కి జరిపారు. ఈ పాతరకం ఫోన్ లైన్లను కొత్తగా అమ్మడం 2023 సెప్టెంబరులోనే దేశమంతా ఆగిపోయింది. గోడకుండి ఆఫీసు కాల్స్‌ను కలిపే పీబీఎక్స్ పెట్టె, ఐఎస్‌డీఎన్ అనే పాత డిజిటల్ ఫోన్ లైన్లు పోయి, కాల్స్‌ను ఇంటర్నెట్ మీద తీసుకెళ్లే సిప్ ట్రంకులు, టీమ్స్ లాంటి యాప్‌లలో ఫోన్ నంబర్లు వస్తున్నాయి.

అమ్మేవాళ్ల మాట వింటే ఈ మార్పును శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారానికల్లా ముగించేయొచ్చు. నంబర్ పోర్టింగ్‌కు తేదీ దొరికితే ఫోన్ల వరకూ అది నిజమే. తంటా అంతా ఫోన్లు కానివాటితోనే. లిఫ్టులో ఎమర్జెన్సీ బటన్, దొంగల అలారం, పాత కార్డు మెషీన్, మూలన పడున్న ఫ్యాక్స్, అన్నీ రాగి లైన్ల మీదే బతుకుతున్నాయి. బిల్లులో నంబరు కనిపిస్తుంది, అది దేనిదో మేనేజర్‌కూ తెలీదు, ఐటీ వాళ్లకూ తెలీదు. ఒక ఆఫీసులో అలాంటి లైన్‌ను రద్దుచేసే జాబితాలో రాసుకుంటుంటే, రిటైర్మెంటుకు దగ్గరపడిన కేర్‌టేకర్ వెనక నుంచి "దాన్ని ముట్టుకోకు, లిఫ్టుది" అన్నాడు. ఇద్దరం లిఫ్టెక్కి బటన్ నొక్కాం. అటువైపు నుంచి మానిటరింగ్ సెంటర్ ఆవిడ పలికింది. ఇప్పుడు ఏ ఆఫీసుకెళ్లినా ముందు కేర్‌టేకర్ ఎక్కడున్నాడని అడుగుతాను.

రాగి లైన్‌లో సుమారు 50 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు రౌటర్ ఆరిపోతే ఫోన్లూ ఆరిపోతాయి. కరెంటు కోతల్లో పెరిగినవాణ్ని కదా, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందన్నదే నా మొదటి ప్రశ్న. కరెంటు పోవడమేంటన్నట్టు చూస్తారు వీళ్లు.

ఇక ఇంకో తంటా ఉంది. కాల్ కలుస్తుంది, మన మాట అటు వినిపిస్తుంది, అటు మాట మాత్రం మనకు రాదు. అందరూ ఇంటర్నెట్ స్పీడ్‌ను తిడతారు గానీ, ఒక కాల్‌కు ఒక్కో వైపుకు సెకనుకు 100 కిలోబిట్లు కూడా అక్కర్లేదు. చాలాసార్లు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ సాయం చేస్తున్నాననుకుని ప్యాకెట్లలో అడ్రసులు మార్చేస్తుంటుంది. ఆపేస్తే సరిపోతుంది.

ఈమధ్య అందరూ అడుగుతున్నది కాల్ అవగానే సారాంశం రాసిపెట్టే ఏఐ. నేనూ ఒక గ్లాస్గో కస్టమరూ ఎవరి యాసలో వాళ్లం మాట్లాడుకున్న కాల్‌ను అది రాసిన తీరు చూసి ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. అయినా ఆయన లైసెన్సులు కొన్నాడు.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టేది 999 కాల్, అంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్. క్లౌడ్ నంబరు ల్యాప్‌టాప్‌తో పాటు ఇంటికెళ్లిపోతుంది, రికార్డులో మాత్రం ఆఫీసు అడ్రసే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వచ్చి మాట్లాడలేకపోతే అంబులెన్స్ ఆఫీసుకు వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే ఇంటి నుంచి పనిచేసేవాళ్ల అడ్రసుల షీటు చేతికి రానిదే నేను వాళ్ల నంబర్లను యాక్టివేట్ చేయను. ఆ షీటు కోసం హెచ్‌ఆర్‌ల వెంటపడటం కూడా నా క్లౌడ్ ఉద్యోగంలో భాగమే.